పీరా ఊపిరికి లైసెన్సు

నాకు కోపం ఎక్కువ. మార్కాపురంలో ఎవర్నడిగినా ఈ మాట చెప్తారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పిన పద్దెనిమిదేళ్లూ పిల్లలు నన్ను వెనకాల ‘మిరపకాయ మేడమ్’ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది ఖాసింపీరా అని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. అప్పటికి వాడు నాతో కలిసి పనిచేస్తున్నాడు. నిలదీస్తే, “మీరు మాత్రం తక్కువ తిన్నారా మేడమ్? రికార్డు బుక్కు నా మొహాన కొట్టలా?” అని నవ్వాడు.

పీరా వాళ్ల నాన్న పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేసి, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుని నలభై నాలుగేళ్లకే పోయాడు. వాళ్ల వీధిలో అట్లా మనిషిని పోగొట్టుకోని ఇల్లు లేదు. పీరా కూడా పదేళ్లప్పటినుంచీ బడి వదలగానే వెళ్లి పలకలకు అంచులు అరగదీసినవాడే. నేను వాడికి ఎలక్ట్రానిక్స్ చెప్పాను, వాడు నాకు ఆ వీధి చూపించాడు. చూశాక కాలేజీలో కూర్చోబుద్ధి కాలేదు. ఉద్యోగం మానేసి, ఒక పలకల గోడౌను పైన గది అద్దెకు తీసుకున్నాను. మేమిద్దరం అక్కడ ఊపిరి పట్టీ తయారుచేశాం.

పట్టీ అంటే ఛాతీ కింద కట్టుకునే జానెడు వెడల్పు గుడ్డ. దాని లోపలి తీగలు ఊపిరి కండరాన్ని సన్నగా తడుతూ, పీల్చలేని మనిషి చేత గాలి పీల్పిస్తాయి. ఎప్పుడు తట్టాలి, ఎంత తట్టాలి అనేది మేం రాసిన సాఫ్ట్‌వేర్ చెప్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ మొదటి ఏడాదంతా కట్టినవాళ్లు కట్టినట్టే పీకి పారేశారు. మిషను గడియారంలాగా లెక్క తప్పకుండా తట్టేది, మనిషి ఒంటికి అది సరిపడేది కాదు. నాసరయ్య అనే పెద్దాయన, “ఇది నాకు ఊపిరియ్యట్లేదమ్మా, ఊదమని కొడతా ఉండాది” అన్నాడు.

ఒక మధ్యాహ్నం పీరా అన్నం తిని, పలకల పెట్టెల మీద నడుం వాల్చి నిద్రపోయాడు. పరీక్ష కోసం అంటించిన తీగలు వాడి ఒంటి మీదే ఉండిపోయాయి. లేపుదామని వెళ్లినదాన్ని కంప్యూటర్ చూసి ఆగిపోయాను. గంటా నలభై నిమిషాల నిద్ర తెర మీద గీతలుగా పడి ఉంది. ఒక్క శ్వాసా ఇంకోదానిలా లేదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో ఒక నిట్టూర్పు, కల వచ్చినట్టు ఒకచోట చిన్న ఆగుడు. ఆ నిద్రనే పట్టీలోకి ఎక్కించి మర్నాడు నాసరయ్యకు కట్టాం. అరగంటలో ఆయన గురకపెట్టాడు. రెండేళ్లుగా మొగుడు కూర్చుని నిద్రపోవడమే చూసిన ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ తర్వాత యాభైమంది నిద్ర రికార్డు చేసి చూశాం. నాది కూడా. నాది ఎవరికీ సరిపడలేదు. “మీ ఊపిరిక్కూడా కోపమే మేడమ్” అన్నాడు పీరా. వాడిదే అందరికీ కుదిరింది. జబ్బు తండ్రి పక్కలో పడుకుని పెరిగినవాడు కాబట్టి, అందని గాలిని అందుకోవడం వాడి ఒంటికి చిన్నప్పుడే అలవాటైందని నా ఊహ. రుజువేమీ లేదు.

మా సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్‌లో పెట్టే ముందు లైసెన్సు సంగతి వచ్చింది. దీనిమీద నాకు మొదటినుంచీ పట్టుదల ఉంది. మా కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, కావాలంటే అమ్ముకోవచ్చు. షరతు ఒక్కటే. మార్చినదాన్ని ఇంకొకరి చేతికిస్తే, ఆ మార్పుల కోడ్ కూడా వాళ్లకు ఇదే షరతు మీద ఇచ్చి తీరాలి. మా దగ్గర ఊరికే తీసుకుని, దానికి తాళం బిగించి కూర్చుంటామంటే కుదరదు. ఇవన్నీ పీరాకు చెప్పి, “కోడ్ సరే, ఊపిరి నీది. దాన్ని కూడా ఇందులో కలపమంటావా?” అని అడిగాను.

“మా నాయన ఊపిరికి ఫ్యాక్టరీవోళ్లు రేటు కట్టడం చూసినా మేడమ్. నాదానికి ఎవురూ కట్టగూడదు. కలపండి” అన్నాడు.

ఫైలు మీద ఇద్దరి పేర్లూ రాశాం. ఇక ఆ షరతు సడలించాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు ఒప్పుకున్నా ఇంకొకరు ఒప్పుకోకపోతే లేదు.

పీరా భార్య సైదాబీ బట్టలు కుట్టేది. ఈ లైసెన్సు మాటలన్నీ విని, “అందరికీ ఊరికే ఇస్తే మరి మనం తినేదేంది మేడమ్?” అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఒంగోలు నుంచి వచ్చిన ఒక ఆస్పత్రి మేనేజరుకు చెప్పాల్సి వచ్చింది. నలభై పట్టీలు బిగించి, వాళ్ల నర్సులకు వారంరోజులు నేర్పించి నేను బిల్లు పంపితే, ఆయన ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

“ఉచితమని వెబ్‌సైట్‌లో రాశారు గదండీ! మళ్లీ ఈ బిల్లేందండీ?”

“గోంగూర పచ్చడి ఎట్లా చెయ్యాలో ఊరంతటికీ ఉచితంగా చెప్తాను. మీ ఇంటికొచ్చి, నూరి, జాడీకెత్తమంటే కూలి ఇస్తారా ఇవ్వరా?”

“అది కాదండీ...”

“ఏది కాదు? కోడ్ మీది. మీ కుర్రాళ్లే బిగించుకోండి, నేనొద్దన్నానా? రేపు అది మొరాయిస్తే వాళ్లే చూసుకుంటారు. నన్ను చూడమంటే ఏడాదికింతని కట్టాలి.”

పీరా నవ్వాపుకోలేక పలకల పెట్టెల వెనక్కి వెళ్లిపోయాడు. మేనేజరు కట్టాడు. అట్లా పదిహేను ఆస్పత్రులు ఏడాదికోసారి కట్టే సర్వీసు డబ్బు, టెక్నీషియన్లకు నేర్పే తరగతులు, ఎక్కడెక్కడి వాళ్లో పంపే చిన్న చందాలు, వీటితో ఇద్దరి ఇళ్లూ గడిచేవి. వీధిలోవాళ్లకు మాత్రం మేమే ఊరికే కట్టేవాళ్లం. నాలుగేళ్లు తిరిగేసరికి ఎవరెవరి ఛాతీల్లోనో, మేం పేరైనా వినని ఊళ్లలో, పీరా నిద్ర నడుస్తోంది.

ఒక జూన్‌లో హైదరాబాదు నుంచి ఎవరో పేషెంటు బంధువు చేత రిపేరుకని ఒక పట్టీ వచ్చింది. అది మాది కాదు. బెంగుళూరు కంపెనీ ఒకటి చేసింది, పైన ఖరీదైన తొడుగు. పెద్ద ఆస్పత్రులకే అద్దెకిస్తారట, ఆ అద్దె మా వీధిలో ఎవరూ కలలో కూడా కట్టలేరు. తెరిచి, కంప్యూటర్‌కు తగిలించాను. పీరా తెర మీదికి వంగి చూసి, “మేడమ్, ఇది నా నిద్రే. ఇదిగో ఈడ ఆగింది చూడండి” అన్నాడు.

మా కోడ్ పూర్తిగా అందులో ఉంది. దానిపైన వాళ్లు ఒక గొప్ప పని చేశారు, కాదనను. మా పట్టీ ఊపిరితిత్తులు సగం బాగున్నంతవరకే పనిచేస్తుంది. పూర్తిగా రాయిగా మారినవాళ్లను తడితే నొప్పి తప్ప గాలి ఉండదు. వాళ్ల పట్టీ ఊపిరితిత్తి ఎంత గట్టిపడిందో ప్రతి శ్వాసకూ కొలుచుకుని, పీరా ఊపిరిని దానికి తగ్గట్టు మలుచుకుంటుంది. అట్లా గట్టిపడ్డవాళ్లు, మేం పేషెంట్ల పేర్లు రాసుకునే పుస్తకంలో ఆరువందలమంది ఉన్నారు. వాళ్లను బతికించే కోడ్ అది. షరతు ప్రకారం దాన్ని వాళ్లు బయటపెట్టాలి. పెట్టలేదు, ఆ భాగానికి తాళం వేసుకున్నారు. పట్టీ తెచ్చినవాళ్లు దాన్ని తిరిగి పట్టుకుపోయారు.

ఆ నెలలోనే పీరా మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. దగ్గు సంగతి వాడు ఏడాదిగా దాస్తున్నాడని సైదాబీ అప్పుడు చెప్పింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు తెల్లగా సున్నం కొట్టినట్టున్నాయి. చిన్నప్పుడు అంచులు అరగదీసిన దుమ్ము ఇన్నాళ్లూ లోపల పనిచేస్తూనే ఉంది. “మూడు నెలలనుకోండి” అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి వాడికి మా పట్టీ కట్టాను. వాడి ఊపిరి వాడికే తిరిగి ఇచ్చినట్టయింది. రెండు వారాలు తేలిగ్గా ఉన్నాడు. తర్వాత అది కూడా చాలకపోవడం మొదలైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, మేం కనిపెట్టిన సంగతీ పీరా జబ్బు సంగతీ ఎట్లా తెలిసిందో గానీ, కంపెనీ మనిషి మా గదికి వచ్చాడు. మర్యాదస్తుడు, చక్కని తెలుగు మాట్లాడాడు. మేం వాళ్లకొక్కరికి వేరే లైసెన్సు రాసిస్తే చాలు. మా పాత కోడ్ లోకానికి అట్లాగే ఉచితంగా ఉంటుంది. వాళ్ల మార్పులు మాత్రం ఎవరికీ చూపించక్కర్లేదు. బదులుగా జీవితంలో మేం చూడనంత డబ్బు. ఇట్లా రెండు రకాల లైసెన్సులిచ్చి సంపాదించేవాళ్లు చాలామందే ఉన్నారు, అందులో దొంగతనమేమీ లేదు. చివర్లో ఆయన గొంతు తగ్గించి, “సంతకాలైన వారంలో పీరాగారికి మా పట్టీ కట్టిస్తాం. జీవితాంతం ఉచితంగా” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా కోడ్ ఎత్తుకుపోయి, మా పీరా నిద్ర ఎత్తుకుపోయి, ఇప్పుడు వాడి ప్రాణం చూపించి బేరమా? సంతకం పెడితే ఆరువందలమందికి ఆ తలుపు ఇంక ఎప్పటికీ తెరుచుకోదు. పెట్టకపోతే లైసెన్సే మా చేతిలో కత్తి. తప్పు చేసినవాళ్లకు నోటీసిస్తే ముప్పై రోజుల్లో సరిదిద్దుకోవాలి, లేకపోతే మా కోడ్ వాడే హక్కే పోతుంది, వ్యాపారం మూతపడుతుంది. ముప్పై రోజులు. డాక్టరు చెప్పింది తొంభై. లెక్క సరిపోయింది. పెట్టెలకు ఆనుకుని కూర్చున్న పీరా వైపు చూశాను.

“మీ ఇష్టం మేడమ్” అన్నాడు వాడు.

“వెళ్లిరండి” అని కంపెనీ మనిషికి గుమ్మం చూపించాను.

ఆ సాయంత్రమే నోటీసు రాశాను. ఎక్కడ? కోడ్ రాసేవాళ్లు ఏ గొడవైనా ఎక్కడ రాస్తారో అక్కడే, ఇంటర్నెట్‌లో మా కోడ్ ఉండే చోట, అందరూ చూసే ఫిర్యాదుల పేజీలో. ఇరవై ఏళ్లుగా కోడ్ రాసేవాళ్ల తగాదాలన్నీ అక్కడే తేలాయి. నాలుగువందలమంది కింద సంతకాలు చేశారు. నేను ఉబ్బిపోయి రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. పదకొండో రోజున, ఇక్కడి కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలు తిరుమలేశుగారికి గొప్పగా చూపించాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“అమ్మా, గోడ మీద రాస్తే నోటీసా? వాళ్లకు అందినట్టు రుజువేదీ? రిజిస్టర్డ్ పోస్టు చెయ్యాల. అది అందిన రోజే మీ ఒకటో రోజు.”

“అందరూ చూశారండీ!”

“అందరూ చూసినారు. కోర్టు చూళ్లేదే.”

ఆ పదకొండు రోజులూ పోయాయి. ఎంత తెలివితక్కువదాన్నో! కోడ్‌లో ఒక చుక్క తేడా వస్తే పట్టుకోగలను, పోస్టాఫీసు గుర్తురాలేదు. నోటీసు వెళ్లింది, అందింది, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది.

రోజూ పొద్దున పీరా ఇంటికి వెళ్లేదాన్ని. సైదాబీ కుట్టు మిషను పక్కకు జరిపి వాడి మంచం కిటికీ దగ్గర వేసింది. పట్టీ బిగింపు చూసి, నొప్పి పుట్టకుండా సర్దేదాన్ని. ఒకరోజు, “ఎన్నోది మేడమ్?” అని అడిగాడు.

“పద్నాలుగు.”

“అబ్బో, సగం కూడా గాలా” అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నా వైపు చూస్తూ ఏదో చెప్పబోయి, “టీ తాగి పోండి” అన్నాడు. నేను టీ తాగాను. లైసెన్సులో ఏ నిబంధన కింద వాళ్లు ఎట్లా దొరికిపోయారో వాడికి వివరంగా చెప్పాను. వాడు వింటూ తలాడించాడు. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది.

ఇరవై ఐదో రోజు పొద్దున, పాలవాడు వచ్చే వేళకు సైదాబీ ఫోన్ చేసింది. “మేడమ్, ఊపిరాడతానే ఉంది, కానీ పిలిస్తే పలకట్లా.” పరిగెత్తాను. పీరా ఛాతీ లేస్తోంది, పడుతోంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో నిట్టూర్పు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నాడి లేదు. పట్టీ మాత్రం వాడి నిద్రను వాడి ఒంట్లో ఆడిస్తూనే ఉంది.

“బతికే ఉండాడు గదా మేడమ్? చూడండి, పీలుస్తా ఉండాడు!” సైదాబీ నా భుజం పట్టుకుని ఊపేస్తోంది.

“లేడమ్మా” అన్నాను. నమ్మలేదు. నమ్మాలంటే నేను పట్టీ ఆపాలి. ఆ మీట నేనే పెట్టాను, నేనే నొక్కాను. ఛాతీ పడి, మళ్లీ లేవలేదు. ఆ అమ్మాయి అరిచిన అరుపుకు వీధి వీధంతా వచ్చింది. వచ్చినవాళ్లలో సగంమంది ఒంటిమీద పట్టీలు ఉన్నాయి.

ముప్పయ్యో రోజున కంపెనీ కోడ్ మొత్తం బయటపెట్టింది. ఒక్క గీత కూడా దాచుకోలేదు. కింద, ‘ఆలస్యానికి చింతిస్తున్నాం’ అని రాశారు. లోకంలో ఎక్కడెక్కడి కుర్రాళ్లో నాకు అభినందనలు పంపారు. నేను గెలిచాను. ఐదు రోజులు ఆలస్యంగా గెలిచాను. పదకొండు రోజులు పారేసుకున్న మనిషిని నేనే కాబట్టి ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఏడుస్తూనే ఆ కోడ్‌ను మా పట్టీలోకి ఎక్కించి, పుస్తకం ముందేసుకుని ఒక్కొక్కరినీ పిలిచాను. రెండు నెలల్లో ఆరువందలమందికీ కట్టాను. మంచం దిగనివాళ్లు వీధి చివర టీకొట్టు దాకా నడిచారు. మా గది గుమ్మానికి ఎవరో పూలదండ కట్టిపోతే తెంచి పారేశాను.

పీరా తమ్ముడు మౌలాలి పేరు ఆ పుస్తకంలో లేదు. అన్న పోయాక పరీక్ష చేయిస్తే అతనికీ అదే జబ్బని తేలింది. ఒకరోజు పదకొండింటప్పుడు సైదాబీ అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. పట్టీ కట్టి, బిగింపు సరిచేశాను. ఐదు నిమిషాలకు మౌలాలి మొహంలోకి రంగొచ్చింది. సైదాబీ మరిది ఛాతీ వైపు ఒకసారి చూసి, వెంటనే మొహం తిప్పుకుంది. “నువ్వు కిందికి పోయి కూసో” అని అతన్ని పంపించింది. తర్వాత బల్ల మీద డబ్బు పెట్టింది.

“ఇదేంటి సైదా?”

“సాఫ్ట్‌వేరుకు గాదులే మేడమ్. బిగించినదానికి.”

“మన ఇంటివాళ్ల దగ్గర నేనెప్పుడు తీసుకున్నాను? ఎత్తు.”

“తీసుకోండి” అంది. ఆ గొంతు విని తీసుకున్నాను. అప్పుడు సంచిలోంచి ఒక కవరు తీసి నా ముందు పెట్టింది. “బీరువా సర్దుతుంటే దొరికింది. ఇంగ్లీషులో ఉండాది. మౌలాలి కొడుకు చదివి చెప్పినాడు.”

అది కంపెనీ ఒప్పంద పత్రం. వాళ్లకు వేరే లైసెన్సు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నామని. చివరి పేజీలో పీరా సంతకం ఉంది, తేదీతో సహా. కంపెనీ మనిషిని నేను గుమ్మం దాకా సాగనంపిన మర్నాటి తేదీ. పక్కన నా పేరు అచ్చువేసి ఉంది. దాని పైన జాగా ఖాళీగా ఉంది.

“ఆయప్ప మర్నాడు మా ఇంటికొచ్చినాడు” అంది సైదాబీ. “ఈయన పెట్టినాడు. బతకాలని ఉండాది సైదా అని నా ముందరే ఏడ్చినాడు. ఇంకేం, పోయి మేడమ్‌ను అడుగు, పెడతాది అన్నా. అడగనన్నాడు. నేనడిగితే మేడమ్ కాదనదు, పెట్టేస్తాది, ఆ ఆరువందలమంది మొహం మళ్లీ చూడలేదు, బతికినన్నాళ్లూ కుములుతాది అన్నాడు. తనంతట తాను పెడితే సరే, లేకపోతే ముప్పై రోజులు చూద్దాంలే అన్నాడు. నన్ను కూడా చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.”

పెట్టె మీద కూర్చున్నాను. టీ తాగి పొమ్మన్న రోజు వాడు చెప్పబోయి మింగేసిన మాట ఇదే. నేనేమో వాడి మంచం పక్కన కూర్చుని నిబంధనలు చదివాను.

“అడిగుంటే పెట్టేవోళ్లా మేడమ్?” సైదాబీ కన్నీళ్లు లేకుండా అడిగింది. ఏ అబద్ధమైనా చెప్పొచ్చు. పెట్టేదాన్ని కాదంటే, అడక్కపోవడమే మేలైందని ఆ పిల్లకు కాస్త ఊరట అయినా దక్కేదేమో. కానీ ఆ పిల్ల మొహంలోకి చూస్తూ నా నోరు తిరగలేదు.

“పెట్టేదాన్ని. వాడు నోరు తెరిచి అడిగిన నిమిషంలో పెట్టేదాన్ని.”

ఆమె కాగితం మడిచి, మళ్లీ కవర్లో పెట్టి, సంచిలో వేసుకుంది.

“ఆయన మీ శిష్యుడు, నోరు రాలేదు. మీకేం మేడమ్, మీరన్నా అడగొచ్చు గదా, నీకు బతకాలని ఉందా పీరా అని” అని మెట్లు దిగి వెళ్లిపోయింది.